ఒక్కో ప్రాణానికి వంద రోజులా?

మీరు వేసిన లెక్క తప్పేమీ కాదు. నార్వేలో 2011 జులై 22న 77 మందిని చంపినవాడికి 21 ఏళ్ల శిక్ష పడింది. 21 ఏళ్లంటే సుమారు 7,670 రోజులు. 77తో భాగిస్తే ఒక్కో ప్రాణానికి వంద రోజులు కూడా నిండవు. "ఇదేం న్యాయం? మిగతా దేశాల్లోనూ ఇంతేనా? వీళ్లు ఎప్పటికైనా బయటికి వచ్చేస్తారా? భారత్‌లో అయితే ఏం జరుగుతుంది?" అని అడిగారు. నేను ఇరవై ఏళ్లకు పైగా క్రిమినల్ చట్టం పాఠాలు చెబుతున్నాను. ఆ తీర్పు వచ్చిన వారం నేనూ క్లాసులో బోర్డు మీద ఇదే లెక్క వేశాను. అది మనల్ని ఎక్కడ తప్పుదారి పట్టిస్తుందో అర్థం కావడానికి నాకు కొన్నేళ్లు పట్టింది. అందుకే కాస్త పొడుగ్గానే రాస్తున్నాను.

ముందుగా ఒక మాట. ఒంటరిగా తుపాకీ పట్టుకుని జనం మీద పడినవాళ్ల పేర్లు నేను రాయను. వాళ్లలో చాలామందికి కావలసింది ఆ పేరు నలుగురి నోళ్లలో నానడమే. పదవుల్లో కూర్చుని చంపించినవాళ్ల పేర్లు మాత్రం రాస్తాను. వాళ్లు కోరుకునేది తమ పేరు బయటికి రాకుండా ఉండటం.

నార్వే సంగతి వివరంగా చెప్పాలి, ఎందుకంటే ప్రపంచంలో అందరూ అపార్థం చేసుకున్న తీర్పు అదే. అక్కడ యావజ్జీవ శిక్ష లేదు. ఆ కేసు నడిచినప్పుడు హత్యకు, ఉగ్రవాదానికి గరిష్ఠ శిక్ష 21 ఏళ్లు. జాతి నిర్మూలన లాంటి నేరాలకు మాత్రం 30. కానీ అతనికి పడింది మామూలు జైలు శిక్ష కాదు. వాళ్ల భాషలో దాన్ని 'ఫొర్వారింగ్' అంటారు. ప్రమాదకరమైన మనిషిని జనానికి దూరంగా నిర్బంధంలో ఉంచడం అన్నమాట. 21 ఏళ్లు పూర్తయ్యే సమయానికి అతను ఇంకా ప్రమాదకరమే అని కోర్టు నమ్మితే మరో అయిదేళ్లు పొడిగిస్తుంది. ఆ అయిదేళ్లు తీరాక మళ్లీ అయిదేళ్లు. దీనికి పైన హద్దు లేదు. చనిపోయేదాకా పొడిగిస్తూ పోవచ్చు. కనీసం పదేళ్లు గడిచాక విడుదలకు దరఖాస్తు పెట్టుకునే హక్కు మాత్రం ఉంటుంది. అతను పెట్టుకున్న దరఖాస్తు మీద 2022 జనవరిలో విచారణ జరిగింది. విచారణకు వస్తూనే నాజీ సెల్యూట్ చేశాడు. ఫిబ్రవరి 1న కోర్టు ఆ దరఖాస్తు కొట్టేసింది. తీర్పులో 21 అనే అంకె ఉన్నా, అతను బయటికి వస్తాడో లేదో ఆ అంకె తేల్చదు.

అసలు హత్యల కేసు నడిచినప్పుడు ఇంకో ముఖ్యమైన గొడవ జరిగింది. మొదట పరీక్షించిన ఇద్దరు మానసిక వైద్యులు అతనికి స్కిజోఫ్రీనియా ఉందన్నారు. అదే నిలబడితే జైలు ఉండదు, ఆసుపత్రే. దేశమంతా అభ్యంతరం చెప్పింది. కోర్టు మరో ఇద్దరు వైద్యులను నియమించింది. వాళ్లు మతి స్థిమితంగానే ఉందన్నారు. చివరికి ప్రాసిక్యూషనే అతన్ని ఆసుపత్రికి పంపమని అడిగింది, అతనేమో తనకు పిచ్చి లేదని వాదించాడు. చాలా బాధిత కుటుంబాలు కూడా ఆ ఒక్క విషయంలో అతనికి పిచ్చి లేదనే తేల్చాలని కోరుకున్నాయి. తెలిసి చేశాడు, తెలిసి చంపాడు అని కోర్టు నోట రావాలి కదా. అయిదుగురు న్యాయమూర్తులు 2012 ఆగస్టు 24న ఏకగ్రీవంగా ఆ మాటే చెప్పారు.

పది వారాలు సాగిన ఆ విచారణలో 77 మంది పోస్టుమార్టం వివరాలనూ ఒక్కొక్కటిగా కోర్టులో వినిపించారు. ఒక్కొక్కరి ఫొటో తెర మీద చూపించి, వాళ్లు ఎవరో, ఏం ఇష్టపడేవారో నాలుగు మాటలు చదివారు. ఒక రోజు ఒక మృతుడి సోదరుడు ఉండబట్టలేక హంతకుడి మీదికి చెప్పు విసిరాడు. తర్వాత కోర్టు మళ్లీ తన పని కొనసాగించింది. ఎన్నేళ్లు వేశారు అనేదాని కంటే, నాకు ఆ తీర్పు మీద గౌరవం తెచ్చిపెట్టింది ఈ భాగమే.

అతను ఉండే గదుల ఫొటోలు మీరూ చూసే ఉంటారు. పడుకోవడానికి, చదువుకోవడానికి, వ్యాయామానికి వేరువేరు గదులు. చూడగానే కడుపు మండుతుంది, నాకూ మండింది. అయితే అరెస్టయిన నాటి నుంచి చాలా ఏళ్లు అతన్ని మిగతా ఖైదీలతో కలవనివ్వలేదు. ఎక్కువ గదులు ఇవ్వడానికి ఒక కారణం అదే. మనుషుల్ని తీసేశారు కాబట్టి చోటు ఇచ్చారు. 2016లో ఓస్లో జిల్లా కోర్టు ఈ ఏకాంతం అమానుషమని అతని పక్షాన తీర్పు ఇస్తే, 2017లో పైకోర్టు దాన్ని కొట్టేసింది. యూరప్ మానవ హక్కుల కోర్టు కూడా 2018లో అతని ఫిర్యాదును తోసిపుచ్చింది. స్వేచ్ఛ తీసేయడమే శిక్ష, దాని మీద అదనంగా హింస ఉండకూడదు అన్నది నార్వే పద్ధతి. అత్యంత ద్వేషించిన మనిషి విషయంలో కూడా ఆ పద్ధతిని వాళ్లు మార్చుకోలేదు.

ఇప్పుడు ఇలాంటివే మరో రెండు నేరాలు చూడండి. రెండూ మసీదుల్లో ప్రార్థన చేసుకుంటున్నవాళ్ల మీద జరిగినవే. న్యూజీలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్‌లో 2019 మార్చి 15న 51 మందిని చంపినవాడికి 2020 ఆగస్టు 27న పెరోల్ (షరతుల మీద ముందస్తు విడుదల) లేని యావజ్జీవం పడింది. ఆ దేశ చరిత్రలో అలాంటి శిక్ష అదే మొదటిది. చట్టంలో ఆ వీలు ఉన్నా అంతవరకు ఎవరి మీదా వాడలేదు. శిక్ష ఖరారు చేసే ముందు మూడు రోజుల పాటు సుమారు 90 మంది బాధితులు, బంధువులు హంతకుడి ఎదురుగా నిలబడి మాట్లాడారు. కొందరు తిట్టారు, కొందరు క్షమించామన్నారు. అతను ఏమీ మాట్లాడలేదు.

కెనడాలో క్యుబెక్ నగరంలో 2017 జనవరి 29న ఆరుగురిని చంపినవాడి కథ మరో దారిలో పోయింది. 2011లో అక్కడ ఒక చట్టం తెచ్చారు. హత్యలు ఎన్ని అయితే అన్ని పాతికేళ్లు కలిపి, అవన్నీ గడిచాకే పెరోల్ అడగాలని జడ్జి ఆదేశించవచ్చు అని. ఆ లెక్కన ఆరుగురికి 150 ఏళ్లు. కింది కోర్టు జడ్జి 40 ఏళ్లకు కుదించారు. 2022 మే 27న సుప్రీంకోర్టు ఆ చట్టాన్నే ఏకగ్రీవంగా కొట్టేసింది. మనిషి బతికుండగా తీరని గడువు పెట్టడం క్రూరమైన శిక్ష అవుతుందని చెప్పింది. అంటే పాతికేళ్లు గడిచాక అతను పెరోల్ అడగవచ్చు. ఇస్తారని కాదు, అడగవచ్చు అంతే. కుటుంబాల బాధ ఏమిటంటే, ఆ రోజు నుంచి ప్రతి దరఖాస్తుకూ వాళ్లు మళ్లీ వెళ్లి కూర్చోవాలి, మళ్లీ అదంతా వినాలి. నేను పెరోల్ హక్కును సమర్థించేవాడినే. కానీ ఈ బాధకు నా దగ్గర సమాధానం లేదు.

అంకెలు ఎంత పెద్దవైనా కావచ్చు. అమెరికాలోని కొలరాడో రాష్ట్రంలో 2012లో సినిమా హాలులో 12 మందిని చంపినవాడికి 12 యావజ్జీవాలు, ఆ పైన 3,318 ఏళ్లు వేశారు. 2004 మాడ్రిడ్ రైళ్ల బాంబుల కేసులో ఇద్దరికి ఒక్కొక్కరికి 40 వేల ఏళ్లకు పైగా పడింది. కానీ స్పెయిన్ చట్టం ప్రకారం జైల్లో గడపాల్సింది గరిష్ఠంగా 40 ఏళ్లే. పోర్చుగల్‌లో ఎంత ఘోరం చేసినా పాతికేళ్లకు మించదు. 1884లోనే ఆ దేశం యావజ్జీవాన్ని రద్దు చేసుకుంది. వార్తలో కనిపించే ఏళ్లకూ జైల్లో గడిపే ఏళ్లకూ ఇంత దూరం ఉంటుంది. ఏ తీర్పు గురించి విన్నా నేను మొదట అడిగేది, విడుదల చేసే అధికారం ఎవరి చేతిలో ఉంది అనే.

అమెరికా గురించి అడిగారు కాబట్టి కొంచెం చెబుతాను. 1995 ఏప్రిల్ 19న ఓక్లహోమా సిటీలో ప్రభుత్వ భవనాన్ని పేల్చి 168 మందిని చంపినవాడికి 2001 జూన్ 11న మరణశిక్ష అమలు చేశారు. బాధితులు, బంధువులు రెండు వందల మందికి పైగా దాన్ని టీవీ తెర మీద చూశారు. అతను అప్పటికే తన అప్పీళ్లు తానే వదులుకున్నాడు. చావు అతన్ని భయపెట్టలేదు. కూతుర్ని పోగొట్టుకున్న ఒక తండ్రి మాత్రం, మొదట్లో పగ కోరుకున్నా, తర్వాత మరణశిక్ష వద్దనే తిరిగాడు. నేరంలో భాగం పంచుకున్న రెండో మనిషికి యావజ్జీవం పడింది. అతను కొలరాడోలోని ఫ్లోరెన్స్ సూపర్‌మ్యాక్స్ జైల్లో ఉన్నాడు. 1994లో తెరిచిన ఆ జైల్లో చాలామంది ఖైదీలు రోజులో దాదాపు 23 గంటలు గదిలోనే ఒంటరిగా ఉంటారు. మంచం, బల్ల, స్టూలు అన్నీ కాంక్రీటుతో పోసినవే. కిటికీ నాలుగు వేళ్ల వెడల్పు. మరణశిక్ష కంటే ఇదే పెద్ద శిక్ష అనేవాళ్లు ఉన్నారు. మనుషుల్ని అలా పెట్టడం నాకు సరైనదిగా అనిపించదు, ఆ మనిషి ఎవరైనా సరే.

ఫ్లోరిడాలో 2018లో ఒక స్కూల్లో 17 మందిని చంపినవాడి కేసులో జ్యూరీలో తొమ్మిది మంది మరణశిక్ష కావాలన్నారు, ముగ్గురు వద్దన్నారు. అప్పటి చట్టం ప్రకారం అందరూ ఒప్పుకోవాలి, కాబట్టి యావజ్జీవమే మిగిలింది. కుటుంబాలు చాలా కోపగించుకున్నాయి. 2023లో ఆ రాష్ట్రం పన్నెండు మందిలో ఎనిమిది మంది చాలని చట్టం మార్చేసింది. ఒక్క కేసులో పుట్టిన కోపంతో ప్రాణం తీసే నిబంధనను సడలించడం నాకు ప్రమాదంగా కనిపిస్తుంది. అప్పటి అధ్యక్షుడు బైడెన్ 2024 డిసెంబరులో ఫెడరల్ (కేంద్ర) చట్టం కింద మరణశిక్ష పడిన 40 మందిలో 37 మందికి దాన్ని యావజ్జీవంగా మార్చి, ముగ్గురికి మాత్రం మరణశిక్షనే ఉంచారు. ఆ ముగ్గురివీ బోస్టన్ మారథాన్, చార్లెస్టన్ చర్చి, పిట్స్‌బర్గ్ యూదు ప్రార్థనా మందిరం కేసులు. మరణశిక్షను వ్యతిరేకించేవాళ్లు కూడా సామూహిక హత్యల దగ్గరికి వచ్చేసరికి ఆగిపోతారు అనడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కర్లేదు.

జపాన్‌లో 1995 మార్చి 20న టోక్యో మెట్రోలో సరిన్ విషవాయువు వదిలిన మతసంస్థకు చెందిన 13 మందిని 2018 జులైలో రెండు విడతలుగా ఉరి తీశారు. అక్కడ ఉరి తీసే సంగతి ఖైదీకి ఆ ఉదయమే చెబుతారు. ఆ సంస్థ గురువు విచారణ సగంలోనే అర్థంలేని మాటలు మాట్లాడి, తర్వాత మౌనంలోకి వెళ్లిపోయాడు. ఆ దాడి అసలు ఎందుకు చేయించాడో అతని నోట స్పష్టంగా ఎవరూ వినలేదు. ఇక వినే అవకాశమూ పోయింది.

ఇప్పటిదాకా చెప్పినవన్నీ హంతకుడు ఒక్కడో, గుప్పెడు మందో అయిన కేసులు. అలాంటప్పుడు ప్రతి దేశమూ తన చట్టాన్ని సాగదీసి అయినా గట్టి శిక్ష వేయగలుగుతుంది. పోలీసులు, కోర్టులు, జైళ్లు అన్నీ చెక్కుచెదరకుండా ఉంటాయి, ముద్దాయి మాత్రం ఒక్కడు. అసలు సమస్య హంతకులు లక్షల్లో ఉన్నప్పుడు మొదలవుతుంది. చంపినవాళ్లు పెరిగేకొద్దీ ఒక్కొక్కరికి పడే శిక్ష తగ్గిపోతుంది. వినడానికి దుర్మార్గంగా ఉంటుంది, కానీ ఏ దేశ చరిత్ర చూసినా నాకు కనిపించింది ఇదే.

రువాండాలో 1994 ఏప్రిల్ నుంచి సుమారు వంద రోజుల్లో ఎనిమిది లక్షలకు పైగా జనాన్ని చంపారు. పది లక్షలు దాటారని ఆ దేశ ప్రభుత్వం చెబుతుంది. ఎక్కువ మందిని కత్తులతో, దుడ్డుకర్రలతో, పొరుగింటివాళ్లే చంపారు. అదంతా ఆగేసరికి దేశంలో న్యాయమూర్తులు, లాయర్లు చాలామంది చనిపోయారు లేదా పారిపోయారు. జైళ్లలో మాత్రం లక్షా ఇరవై వేల మంది దాకా నిండిపోయారు. కొన్ని జైళ్లలో కూర్చోవడానికి కూడా చోటు లేక నిలబడే ఉండేవారు, పాదాలు కుళ్లి చనిపోయినవాళ్లు ఉన్నారు. మామూలు కోర్టుల్లో ఒక్కొక్క కేసూ నడిపితే వందేళ్లు దాటుతుందని లెక్క తేలింది. 1998 ఏప్రిల్ 24న దోషులుగా తేలిన 22 మందిని జనం ముందు కాల్చి చంపారు. ఆ దారిలో ఎంతమందిని చంపగలరు?

చివరికి వాళ్లు 'గచాచా' అనే పాత పద్ధతిని వెనక్కి తెచ్చారు. ఆ మాటకు మూలం గడ్డి. ఊరివాళ్లు గడ్డి మీద కూర్చుని తగువులు తీర్చుకునే పంచాయతీ అది. 2002లో ప్రయోగంగా మొదలై, 2005 నుంచి దేశమంతా నడిచి, 2012 జూన్‌లో ముగిసింది. సుమారు 12 వేల గచాచాలు 19 లక్షలకు పైగా కేసులు విచారించాయి. జడ్జీలు చట్టం చదివినవాళ్లు కారు. నిజాయతీపరులని ఊరు ఎన్నుకున్న రైతులు, గృహిణులు, టీచర్లు. లాయర్లు లేరు. తప్పు ఒప్పుకుని, ఎవరిని ఎలా చంపాడో, శవాన్ని ఎక్కడ పడేశాడో చెప్పి, క్షమాపణ అడిగితే శిక్ష బాగా తగ్గేది. అందులో సగం జైలు బయట రోడ్లు వేయడం, పొలాలకు గట్లు కట్టడం, బాధితులకు ఇళ్లు కట్టడం లాంటి పనులతో తీర్చుకోవచ్చు.

మీ లెక్క ఇక్కడ వేస్తే ఒక్కో ప్రాణానికి ఎన్ని రోజులు వస్తాయో ఆలోచించండి. నేను గచాచాను పొగడటం లేదు. అబద్ధపు ఆరోపణలు వచ్చాయి, సాక్షులను బెదిరించారు, కొందరిని చంపారు కూడా. ఇప్పటి పాలక పక్షపు సైన్యం చేసిన హత్యల మాటే అక్కడ ఎత్తనివ్వలేదు. అది పెద్ద మచ్చ. కానీ వేలాది కుటుంబాలకు తమవాళ్ల ఎముకలు ఏ బావిలో, ఏ మరుగుదొడ్డి గుంటలో ఉన్నాయో తెలిసింది ఆ ఒప్పుకోళ్ల వల్లే. ఆ మనిషిని ఉరి తీసి ఉంటే ఆ సంగతి అతనితోనే పోయేది.

గచాచాకు ముందే, 1994లో, కుట్ర పన్నిన పెద్దల కోసం ఐక్యరాజ్యసమితి టాంజానియాలోని అరుషాలో ట్రిబ్యునల్ పెట్టింది. 93 మందిపై అభియోగాలు మోపింది. అప్పటి ప్రధాని జాన్ కంబాండా నేరం ఒప్పుకున్నాడు, 1998లో యావజ్జీవం పడింది. ఐక్యరాజ్యసమితి ట్రిబ్యునల్‌లో మరణశిక్ష లేదు. అంటే ఆజ్ఞ ఇచ్చినవాడికి పరదేశపు జైల్లో యావజ్జీవం, ఆ ఆజ్ఞ పాటించిన పల్లెటూరి మనిషికి సొంత దేశంలో మరణశిక్ష పడే వీలు. ఈ అన్యాయం రువాండన్లకు బాగా గుచ్చుకుంది. 2007లో రువాండా కూడా మరణశిక్షను రద్దు చేసుకుంది. పరాయి దేశాల్లో దాక్కున్న నిందితులను తమకు అప్పగించాలంటే అదొక్కటే దారి అన్నది కూడా దానికి ఒక కారణం.

యుగొస్లావియా యుద్ధాల మీద హేగ్‌లో పెట్టిన ట్రిబ్యునల్ 161 మందిపై అభియోగాలు మోపింది. వాళ్లలో ఒక్కరు కూడా పరారీలో మిగల్లేదు. ఇది మామూలు విషయం కాదు. ఆ తీర్పుల్లో నన్ను ఎక్కువగా కలవరపెట్టింది ద్రాజెన్ ఎర్దెమోవిచ్ కేసు. 1995 జులైలో బోస్నియాలోని స్రెబ్రెనిత్సా దగ్గర ఎనిమిది వేల మందికి పైగా పురుషులను, అబ్బాయిలను వరుసల్లో నిలబెట్టి కాల్చేశారు. ఆ కాల్పుల్లో పాల్గొన్న సైనికుడు అతను. వయసు 23. తానే ముందుకొచ్చి చెప్పాడు. దాదాపు 70 మందిని తాను చంపి ఉంటానన్నాడు. కాల్చను అంటే, జాలిగా ఉంటే నువ్వూ వాళ్ల వరుసలో నిలబడు అన్నారని చెప్పాడు. ప్రాణభయంతో చేసినా అమాయకుల హత్యకు అది పూర్తి రక్షణ కాదని అప్పీలు ధర్మాసనం ముగ్గురు ఇద్దరుగా చీలి చెప్పింది. మొదట పదేళ్లు వేశారు, 1998లో అయిదేళ్లకు తగ్గించారు. నార్వే జైల్లో శిక్ష గడిపాడు. తర్వాత పెద్ద తలకాయల మీద కేసుల్లో అతని సాక్ష్యమే నిలబడింది. 70 ప్రాణాలకు అయిదేళ్లు. క్లాసులో ఈ కేసు చెప్పిన ప్రతిసారీ పిల్లలు గంట సేపు కొట్లాడుకుంటారు. నేను ఎటూ తీర్పు చెప్పను. ఎందుకంటే ఆ వరుస ముందు నేను నిలబడి ఉంటే ఏం చేసేవాడినో నాకు తెలియదు.

పెద్దలలో బోస్నియా సెర్బుల నాయకుడు రదొవాన్ కరద్జిచ్‌కు మొదట 40 ఏళ్లు, 2019లో అప్పీలులో యావజ్జీవం పడింది. ఇప్పుడు బ్రిటన్ జైల్లో ఉన్నాడు. హేగ్‌కు సొంత జైలు లేదు, విచారణ ఖైదీలను ఉంచే చోటు మాత్రమే ఉంది. ఒప్పుకున్న దేశాలు దోషులను పంచుకుంటాయి. ఆ దేశపు నిబంధనలే వాళ్లకూ వర్తిస్తాయి. మూడింట రెండు వంతులు గడిపాక విడుదల చేసే ఆనవాయితీ ఒకటి ఏర్పడింది. బిల్యానా ప్లావ్‌షిచ్ అనే నాయకురాలు నేరం ఒప్పుకుని, పశ్చాత్తాపం ప్రకటించి, 11 ఏళ్ల శిక్షతో స్వీడన్ జైలుకు వెళ్లింది. అక్కడ ఉండగానే ఆ ఒప్పుకోలు మనస్ఫూర్తిగా చేసింది కాదని ఒక ఇంటర్వ్యూలో చెప్పింది. అయినా 2009లో విడుదలైంది.  చాలామంది బాధితులకు ఇది మోసంగా అనిపించింది.

శిక్ష వేశాక రాజకీయం మారితే ఏమవుతుందో కూడా చూడాలి. నురెంబర్గ్‌లో 1946లో 12 మందికి మరణశిక్ష వేశారని అందరికీ తెలుసు. ఆ తర్వాత అదే ఊళ్లో జరిగిన మరో విచారణ గురించి తక్కువ మందికి తెలుసు. తూర్పు యూరప్‌లో యూదులను గుంటల ముందు నిలబెట్టి కాల్చిన దళాల అధికారులలో 14 మందికి ఉరిశిక్ష పడింది. ఉరి తీసింది నలుగుర్ని. ఈలోగా సోవియట్‌తో ప్రచ్ఛన్న యుద్ధం మొదలై పశ్చిమ జర్మనీ స్నేహం అమెరికాకు అవసరమైంది. మిగతావాళ్ల శిక్షలు తగ్గుతూ వచ్చి, 1958కల్లా చివరివాళ్లు కూడా బయటపడ్డారు. మరోపక్క బెర్లిన్‌లోని స్పాందౌ జైలును నాలుగు దేశాల సైన్యాలు నెలకొకరు చొప్పున కాపలా కాస్తూ, 1966 నుంచి 1987 దాకా ఒకే ఒక్క ఖైదీ కోసం నడిపాయి. అతను హిట్లర్‌కు డిప్యూటీగా ఉన్న రుడాల్ఫ్ హెస్. చనిపోయాక అది నాజీ అభిమానులకు యాత్రాస్థలం కాకూడదని జైలునే కూల్చేశారు.

అర్జెంటీనాలో సైనిక నియంత హోర్హే విదేలాకు 1985లో యావజ్జీవం పడింది. 1990లో అధ్యక్షుడు క్షమాభిక్ష పెట్టి వదిలేశాడు. అతని సైనిక పాలనలో మాయమైనవాళ్ల తల్లులు, అమ్మమ్మలు మాత్రం వదల్లేదు. తల్లుల ఒడిలోంచి లాక్కుని సైనికుల ఇళ్లలో పెంచిన పసిబిడ్డల కేసు ఆ క్షమాభిక్ష కిందికి రాలేదు. 1998లో అతన్ని మళ్లీ అరెస్టు చేశారు. 2010లో మళ్లీ యావజ్జీవం, 2012లో ఆ బిడ్డల కేసులో 50 ఏళ్లు. 2013లో 87 ఏళ్ల వయసులో మార్కోస్ పాస్ జైల్లో చనిపోయాడు. కోర్టులో గెలిచాక కూడా మళ్లీ మొదటి నుంచి పోరాడి రెండోసారి గెలిచిన కుటుంబాలు అవి. నాకు ఈ కథంతటిలో వాళ్ల మీద ఉన్నంత గౌరవం ఏ చట్టం మీదా లేదు.

ఉరి ఉంటే భయం ఉంటుంది కదా అని కూడా అడిగారు. ఇలాంటి దాడులు చేసేవాళ్లలో చాలామంది ఆ రోజే చావడానికి సిద్ధపడి వస్తారు, కొందరు చివరి తూటా తమకే కాల్చుకుంటారు. అలాంటివాడిని ఉరితో బెదిరించలేం. భయపడే అవకాశం ఉన్నది ఆఫీసులో కూర్చుని ఆజ్ఞలిచ్చేవాడు. అతను భయపడేది ఎంత శిక్ష పడుతుందో అని కాదు, తన దాకా కేసు వస్తుందా రాదా అని.

భారత్ విషయానికి వస్తే ఈ తేడా కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. 1980లో బచన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు మరణశిక్షను అత్యంత అరుదైన కేసులకే పరిమితం చేసింది. 2008 నవంబరులో ముంబయిలో 166 మందిని చంపిన దాడిలో ప్రాణాలతో దొరికిన ఒక్క ఉగ్రవాదిని 2012 నవంబరు 21న ఎరవాడ జైల్లో ఉరి తీశారు. నేరం జరిగిన నాలుగేళ్లకు కేసు ముగిసింది. యావజ్జీవమంటే 14 ఏళ్లే అనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు, అది తప్పు. చట్టం ప్రకారం యావజ్జీవమంటే బతికున్నంత కాలం. మరణశిక్ష కూడా పడదగ్గ నేరానికి యావజ్జీవం పడితే, 14 ఏళ్లలోపు ప్రభుత్వం శిక్ష తగ్గించి వదలకూడదు, అంతే. పాతికేళ్లో ముప్ఫై ఏళ్లో గడిచేదాకా తగ్గింపు వర్తించదని తీర్పులోనే రాసే అధికారం పైకోర్టులకు ఉందని 2015లో రాజ్యాంగ ధర్మాసనం ఖాయం చేసింది.

కానీ గుంపులుగా చేసిన హత్యల విషయంలో పరిస్థితి వేరు. 1984 నవంబరులో ఢిల్లీలో సిక్కులను వేల సంఖ్యలో చంపారు. నానావతి కమిషన్ నివేదికలో ఉన్న సంఖ్య 2,733. ఒక కుటుంబానికి చెందిన అయిదుగురి హత్య కేసులో మాజీ ఎంపీ సజ్జన్ కుమార్‌కు ఢిల్లీ హైకోర్టు బతికున్నంత కాలం జైలు అని శిక్ష వేసింది 2018 డిసెంబరు 17న. 34 ఏళ్లు పట్టింది. అప్పటిదాకా ఆ కుటుంబం వెనక్కి తగ్గకుండా సాక్ష్యం చెబుతూనే ఉంది. జాతి నిర్మూలన గానీ, మానవాళిపై నేరాలు గానీ దేశ శిక్షా చట్టంలో లేవని, ఈ లోటును వెంటనే పూడ్చాలని జస్టిస్ మురళీధర్ ఆ తీర్పులో రాశారు. జాతి నిర్మూలన ఒప్పందాన్ని భారత్ 1959లోనే ఆమోదించింది. ఒప్పందం ప్రకారం సొంత చట్టం చేయాలి. ఆ తీర్పు వచ్చిన అయిదున్నరేళ్లకు, 2024 జులై 1న, పాత శిక్షాస్మృతి స్థానంలో భారతీయ న్యాయ సంహిత అమల్లోకి వచ్చింది. కులం, వర్గం, భాష, వ్యక్తిగత విశ్వాసం లాంటి కారణాలతో అయిదుగురో అంతకన్నా ఎక్కువ మందో కలిసి చంపితే మరణశిక్ష లేదా యావజ్జీవం అనే నిబంధన అందులో కొత్తగా చేర్చారు. అది మంచిదే. కానీ వెనక నుంచి గుంపును నడిపినవాడిని పట్టుకునే ఆ రెండు నేరాలూ అందులోనూ లేవు.